బిందె లేకుండా ఏటికి

మన వైపు ఆడది ఏటికి వెళ్లాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండి తీరాలి. బిందె ఉండాలి. లేదంటే బట్టల మూట. అదీ కాకపోతే కార్తీకమాసంలో అరటిదొప్పలో దీపం. మా అమ్మమ్మగారి ఊళ్లో తెల్లవారకముందే చెంబు పట్టుకుని వెళ్లే ఆడవాళ్లు, ఎక్కడ వెలుగొచ్చేస్తుందోనన్న భయంతో పరుగులాంటి నడక నడిచేవాళ్లు. ఏటిగట్టు మీద మంచు ఎలా ఉంటుందో వాళ్లకి తెలియదనుకుంటున్నారా? బాగా తెలుసు. మంచు దట్టంగా ఉంటే వాళ్లకి నిశ్చింత. ఎవరికీ కనబడరు.

చేతిలో ఏమీ లేకుండా, పొద్దున్నే అయిదింటికి, ఒక్కర్తే వెళ్లి గట్టు మీద కూర్చుని చూడండి. పది నిమిషాలు గడవకుండా ఎవరో ఒక పెద్దాయన వచ్చి, "ఏమ్మా, ఒక్కదానివే కూర్చున్నావు, ఇంట్లో ఏదన్నా గొడవా?" అని అడుగుతాడు. పాపం ఆయన మంచికే అడుగుతాడు. దూకుతుందేమోనని ఆయన భయం. ఆ పక్కనే వేపపుల్ల నములుతూ అరగంట నుంచి నీళ్లకేసి చూస్తున్న మగాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఆయన ఊరికే నిలబడ్డాడు. మగవాళ్లు నిలబడతారు కదా!

ఈ మాట నాకు గట్టిగా తట్టింది మా గోదావరి దగ్గర కాదు, డెలావేర్ నది దగ్గర.

2024 ఆగస్టులో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మా అల్లుడికి ఆఫీసు స్నేహితులు ఫ్లై ఫిషింగ్ అనే వ్యసనం అంటించారు. శని, ఆదివారాలు వస్తే చాలు, మనిషి చూపు చేపల మీదే. మమ్మల్ని కూడా రమ్మని, న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న హేన్‌కాక్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లాడు. కారులో మూడు గంటల దారి. డెలావేర్ నది తూర్పు పాయ, పడమటి పాయ అని రెండుగా వచ్చి అక్కడే కలుస్తాయి. నది ఒడ్డునే ఒక చిన్న మోటెల్‌లో దిగాం. నేను, అమ్మాయి, అల్లుడు, ఏడాదిన్నర మనవడు.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏవిటో తెలియని వాళ్ల కోసం కాస్త చెబుతాను. మన గాలంలో బరువు ఎర దగ్గర ఉంటుంది. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కుని వెళ్తుంది. వీళ్ల ఎరకి బరువే ఉండదు. చిన్న కొక్కేనికి కోడిపుంజు మెడ ఈక, దారం చుట్టి ఈగలాగానో దోమలాగానో తయారు చేస్తారు. ఫ్లై అంటే అదే. బరువంతా దారానిది. అందుకని కర్రని వెనక్కీ ముందుకీ ఊపుతూ, దారాన్ని తలమీదుగా గాలిలో మెలికలు తిప్పి, ఆ ఉత్తుత్తి ఈగ నిజం ఈగలా నీటి మీద వాలేటట్టు వదలాలి. ట్రౌట్ అనే చేప పైకొచ్చి దాన్ని నోట కరుచుకోవాలి. ఈ ఈకల కోసమే అక్కడ ప్రత్యేకంగా పుంజుల్ని పెంచే వాళ్లున్నారు. మా గోదావరి జిల్లాల పుంజులకి పందెం తప్ప ఇంకో బతుకుతెరువు ఉండచ్చని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు!

ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. పడమటి పాయ మీద పైన కేనన్స్‌విల్ అనే జలాశయం ఉంది. న్యూయార్క్ మహానగరానికి తాగునీళ్ల కోసం 1960ల్లో కట్టారు. కేనన్స్‌విల్ అనేది నిజానికి ఒక ఊరి పేరు. ఆ ఊరూ, దాని పక్క ఊళ్లూ కొన్నీ నీళ్ల కింద ఉన్నాయి. ఇప్పుడు పేరు మాత్రం నీళ్లకి మిగిలింది. పాపికొండల పడవలో తిరిగినవాళ్లకి, పోలవరం ముంపు ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకి ఈ కథ కొత్తేమీ కాదు. ఆ జలాశయం అడుగు నుంచి వదిలే నీళ్లు నిండు ఆగస్టులో కూడా జివ్వుమంటాయి. ఆ చల్లదనానికే కింద ట్రౌట్‌లు బతుకుతున్నాయి. వాటి కోసమే జనం వస్తున్నారు. ఆ చల్లదనానికే మంచు కూడా పుడుతోంది.

మంచు అన్నీ ఒకటే అనుకుంటాం గానీ కాదు. మా రాజమండ్రిలో ధనుర్మాసపు తెల్లవారుజామున గోదావరి మీద లేచేది ఎక్కువగా నీళ్ల ఊపిరి. రాత్రంతా గాలి చల్లబడుతుంది, నీళ్లు అంత త్వరగా చల్లారవు. వెచ్చటి నీళ్ల మీద నుంచి లేచిన ఆవిరి చల్లగాలి తగిలి పొగలా కనిపిస్తుంది, పొయ్యి మీద నుంచి దించిన అన్నం గిన్నె మూత తీసినట్టు. డెలావేర్‌లో వేసవిలో జరిగేది సరిగ్గా తలకిందులు. అక్కడ గాలి వెచ్చగా, చెమ్మగా ఉంటుంది, నీళ్లు చల్లగా ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు, ఆ నది మీది గాలికే చెమట పడుతుంది. మా మంచు పైకి లేచి చెదిరిపోతుంది. అక్కడి మంచు నీటిని అంటిపెట్టుకుని, మనిషి నడుం ఎత్తున దుప్పటిలా పరుచుకుని కదలదు. రెండూ చూశాను గనక చెబుతున్నాను, మాదే బాగుంటుంది. కానీ అది పుట్టింటి పక్షపాతం అనుకోండి.

నాకు నాలుగున్నరకి మెలకువ రావడం నలభై ఏళ్ల అలవాటు. పాలు కాగబెట్టాల్సిన పని లేకపోయినా మెలకువ మాత్రం వచ్చేస్తుంది. అల్లుడు బయలుదేరుతుంటే నేనూ వెళ్లాను. మనవడు పుట్టినప్పుడు ఫోటోల కోసం కొని, నాలుగు నెలల తరవాత డబ్బాలో పడేసిన కెమెరా ఒకటి అమ్మాయి దగ్గర ఉంది. అది మెళ్లో వేసుకున్నాను. ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దం మీద చెమ్మ కమ్మేసింది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. ఒక పావుగంట అలా వదిలేస్తే దానంతటదే పోతుంది. ఈ సంగతి తెలియక కెమెరా పాడైందని కంగారు పడేవాళ్లు చాలామంది.

ఇంకో చిట్కా కూడా చెప్పేస్తాను. తెల్లటి మంచుని చూసి కెమెరా అదేదో పెద్ద వెలుగనుకుని ఫోటోని మసక చేసేస్తుంది. పాల తెలుపు రావాల్సిన చోట బూడిద రంగు వస్తుంది. కాబట్టి వెలుతురు మనమే కాస్త పెంచుకోవాలి. ఫోన్‌లో అయితే తెర మీద వేలుతో తాకితే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరిపితే సరి. సూర్యుడు మన వీపు వెనక ఉంటే మంచు గోడలా చదునుగా పడుతుంది. ఎదురుగా ఉంటేనే పొరలు పొరలుగా విడిపోయి కనిపిస్తుంది.

అలా ఎదురు వెలుతుర్లోనే మా అల్లుణ్ణి చూశాను. ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని నడుం లోతు నీళ్లలో ఉన్నాడు. మంచు వల్ల నడుం కింద మనిషి లేడు. దారం గాలిలో మెలిక తిరిగినప్పుడల్లా దాని మీది నీటి బొట్లు వెలిగి ఆరిపోతున్నాయి. అవతలి గట్టు లేదు, కొండలు లేవు. ఇరవై గజాల దూరంలో ఒక పెద్ద బూడిదరంగు కొంగ నిలబడి ఉంది. అదీ చేప కోసమే. మా అల్లుడూ చేప కోసమే. తేడా ఏవిటంటే కొంగ దొరికినదాన్ని మింగింది. అల్లుడు గంటన్నరకి దొరికిన ఒక్క ట్రౌట్‌నీ నీళ్లలోనే పట్టుకుని, కొక్కెం తీసి, "అత్తయ్యగారూ, ఫోటో తీశారా?" అని అడిగి వదిలేశాడు.

పులస కోసం పుస్తెలు అమ్మమనే ప్రాంతం నుంచి వచ్చినదాన్ని నేను. (ఆ సామెతలో కూడా చేప తినాలనుకునేది ఎవరైనా, అమ్ముకోవాల్సినవి ఆడదాని మెళ్లోవే, గమనించారా?) మూడు గంటలు కారు నడిపి, లైసెన్సు కొని, ఖరీదైన కర్ర కొని, పట్టిన చేపని వదిలెయ్యడం ఏవిటని మొదట నవ్వొచ్చింది. కాసేపటికి విషయం బోధపడింది. వీళ్లు చేప కోసం రావడం లేదు. పొద్దున్నే మంచులో, ఒక్కళ్లూ, నది మధ్య నిలబడడం కోసం వస్తున్నారు. ఊరికే నిలబడడానికి వెళ్తున్నానంటే మగవాళ్లకి కూడా బావుండదు గనక దానికి ఒక పేరు పెట్టుకున్నారు. కర్ర పెట్టుకున్నారు. పుస్తకాలు రాసుకున్నారు. ఏమీ చెయ్యకుండా ఉండడానికి ఇంత గౌరవనీయమైన ఏర్పాటు ప్రపంచంలో ఇంకోటి లేదు. నేనేమీ వెక్కిరించడం లేదు. నాకు అసూయగా ఉంది.

ఆ సమయానికి మా అమ్మాయి ఏం చేస్తోందో ఊహించగలరు కదూ. మోటెల్ గదిలో పిల్లాడికి పాలు కలుపుతోంది. అల్లుడు చదివినంతా చదివింది, ఆయనతో సమానమైన ఉద్యోగం చేస్తోంది. ఆ నది దాకా ఆమె కూడా మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. కానీ వచ్చింది గది దాకానే. అల్లుడు చెడ్డవాడని కాదు, చాలా మంచివాడు. అడిగితే వెంటనే ఒప్పుకుంటాడు. అడగాలి, అదీ సంగతి. ఆయన మాత్రం ఎవర్నీ అడగలేదు, "వెళ్లొస్తా" అన్నాడంతే.

మర్నాడు నేను పిల్లాడి దగ్గర ఉండిపోయి అమ్మాయిని వెళ్లమన్నాను. అది నా మొహంలోకి చూసి, "వెళ్లి ఏం చెయ్యనమ్మా?" అంది.

ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. విమానాలు ఎక్కి సముద్రాలు దాటిన పిల్ల, పెద్ద పెద్ద మీటింగుల్లో పదిమందికి పని పురమాయించే పిల్ల, పని లేకుండా నది దగ్గరికి వెళ్లమంటే దిక్కు తోచక నిలబడింది. బిందె పోయింది, చెంబు పోయింది, కానీ చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న ఆ పాత లెక్క మాత్రం వీసా తీసుకుని మరీ అమెరికా వచ్చేసింది! కెమెరా తీసి దాని మెళ్లో వేశాను. "ఫోటోలు తియ్యి, నాకు కావాలి" అన్నాను. పని అప్పజెప్పాను కదా, అప్పుడు కదిలింది.

తొమ్మిది దాటాక వచ్చింది. ఫోటోలేవే అంటే, కెమెరా మూత కూడా తియ్యలేదట. "ఊరికే కూర్చున్నానమ్మా" అంది. ఆ అనడం ఎలా ఉందంటే చిన్నప్పుడు డబ్బాలోంచి బెల్లం ముక్క దొంగిలించి దొరికిపోయినప్పుడు అచ్చం అలాగే ఉండేది గొంతు.

ఫ్లై ఫిషింగ్ మగవాళ్ల సొత్తేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ఇంగ్లిషులో ఈ విద్య గురించి అచ్చయిన మొట్టమొదటి పుస్తకం 1496 నాటిది. దాన్ని రాసింది జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని అని వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. కాదు, అందుకు సాక్ష్యం లేదు అని పండితులు వాదిస్తున్నారు. ఆడదాని పేరు ఉన్నచోట సాక్ష్యం అడగడం పండితులకి అలవాటే, పోనివ్వండి. బ్రిటన్‌లో గాలానికి పడ్డ సాల్మన్ చేపల్లో అన్నిటికన్నా పెద్దది, 64 పౌన్లది, అంటే దాదాపు 29 కిలోలది, 1922 అక్టోబరు 7న స్కాట్లండ్‌లోని టే నదిలో జార్జినా బాలంటైన్ అనే ఆవిడకి దొరికింది. వందేళ్లు దాటినా ఆ రికార్డు ఇంకా ఆవిడదే. మేం వెళ్లిన ఆ కొండల ప్రాంతంలోనే, రాస్కో అనే ఊళ్లో, విన్నీ డెట్ అనే ఆవిడ 1920ల చివరి నుంచి భర్తతో కలిసి ఇంట్లో కూర్చుని ఈగలు కట్టింది. ఎంత సన్నటి పనో ఆలోచించండి. కట్టినవాళ్లలో ఆవిడ పేరు ఈనాటికీ గౌరవంగా చెప్పుకుంటారు. మన వైపు కూడా పూలమాలలు, వత్తులు, అప్పడాలు కూర్చుని చేసే పనులన్నీ మనవే. నిలబడి చూసేవన్నీ వేరేవాళ్లవి.

ఇంకో సంగతి విన్నాక మాత్రం మనసు రెండు రకాలుగా అయిపోయింది. 1996లో అమెరికాలోనే కాస్టింగ్ ఫర్ రికవరీ అనే సంస్థ మొదలైంది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లని నది దగ్గరికి తీసుకెళ్లి ఫ్లై ఫిషింగ్ నేర్పుతారు. ఆపరేషన్ అయ్యాక చెయ్యి, భుజం మెల్లగా ఆడించే కసరత్తులు చెప్తారు కదా, ఈ కర్ర ఊపే కదలిక దానికి దగ్గరగా ఉంటుంది. దాంతోపాటు అదే బాధ పడ్డ తోటి ఆడవాళ్లు, పారే నీళ్లు. ఎంత మంచి ఆలోచన! చేతులెత్తి మొక్కాలి. కానీ మొక్కుతూనే నాకు కడుపులో దేవినట్టయింది. అంటే ఏవిటి, ఆడదాన్ని పొద్దున్నే నది దగ్గరికి "నువ్వు వెళ్లవే, హాయిగా నిలబడు" అని ఇంట్లోవాళ్లు మనస్ఫూర్తిగా పంపాలంటే అంత జబ్బు చెయ్యాలా? మా బంధువుల్లోనే ఒకావిడ ఆపరేషన్ అయ్యాక నాతో అంది, "పెళ్లయ్యాక మొదటిసారి పొద్దున్న ఏడింటిదాకా పడుకున్నానే" అని. అని నవ్వింది కూడా.

తెల్లవారుజాము అనేది అందరికీ ఒకటే అనుకోవడం పెద్ద భ్రమ. మంచు ఫోటోకి పనికొచ్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి, గంటన్నర తరవాత దాకా. చేపలు పైకొచ్చే సమయం కూడా దరిదాపుగా అదే. వాకిలి ఊడ్చి ముగ్గెయ్యాల్సింది, పాలు కాగాల్సింది, కుక్కర్ పెట్టాల్సింది, టిఫిన్ డబ్బాలు సర్దాల్సింది, పిల్లల్ని లేపాల్సింది కూడా సరిగ్గా ఆ రెండు గంటల్లోనే. మనం ఊపిరి పీల్చుకుని తలుపు తీసేసరికి మంచు ఉండదు. కేంద్ర ప్రభుత్వమే లెక్క తీసింది. జీతం లేని ఇంటిపనికి ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి వెచ్చించే సమయం 2019 సర్వేలో సగటున 299 నిమిషాలు. 2024 సర్వేకి 289 అయింది. అయిదేళ్లకి పది నిమిషాలు తగ్గిందన్నమాట! మగవాళ్లవి 88 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకోవడం ఈ లెక్కలో లేదు, అది వేరే పద్దు. ఆ తగ్గిన పది నిమిషాల్లో నది దాకా వెళ్లి రాలేం. మా ఇంటి నుంచి గట్టుకే పన్నెండు నిమిషాలు.

ఇక్కడ ఒకావిడ, "దానికేముంది, పనిమనిషిని ఇంకో గంట ముందు రమ్మంటే సరి" అంది. సరి కాదండీ. ఆవిడ ఆరింటికి మనింటికి రావడానికే నాలుగింటికి లేచి తన ఇంటి పని ముగించుకుని వస్తోంది. నా తెల్లవారుజాము కోసం ఇంకో ఆడదాని తెల్లవారుజామున కోత పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ గంట రావాల్సింది ఆ 88 నిమిషాలవాళ్ల దగ్గర్నుంచి. ఇంకెక్కడా అప్పు చెయ్యక్కర్లేదు.

ఫోటోల సంగతికి వస్తాను. మంచులో గోదావరి ఫోటోలు క్యాలెండర్ల మీద, పోటీల్లో మనం ఎన్ని చూడలేదు? వల విసురుతున్న జాలరి, వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంటుంది, వెనక ఎర్రటి సూర్యుడు. లేదా బిందె చంకనెత్తుకున్న అమ్మాయి, నల్లటి నీడలా. చాలా బాగుంటాయి, కాదనను. కానీ ఆ జాలరి భార్య నాలుగింటి నుంచీ గట్టు మీద గంప పెట్టుకుని కూర్చుని ఉంటుంది. పడవ రాగానే చేపలు ఏరి, బేరం తెంచి, బస్సు పట్టుకుని బజారుకి పరుగెత్తాలి. ఆవిడ ఆ ఫోటోలో పడదు. ఇక బిందె అమ్మాయి ఫోటోలో ఉంటుంది గానీ, ఆ అమ్మాయి కాళ్లకి ఆ పూట ఎంత చలేస్తోందో ఫోటోలో ఉండదు. మనం ఎప్పుడూ బొమ్మలో ఉన్నాం. బొమ్మ తీసే వైపు నిలబడ్డవాళ్లం తక్కువ. అటు నిలబడి తీస్తే ఏం తీస్తామో నాకు చూడాలని ఉంది. బిందె అమ్మాయిని తీస్తామా, లేక బిందె కింద పెట్టి ఆ అమ్మాయి చూసే మంచుని తీస్తామా?

వయసైపోయింది, ఇప్పుడేం కెమెరాలు అనేవాళ్లకి ఒక కలకత్తా అమ్మాయి కథ చెబుతాను. జూలియా మార్గరెట్ కేమెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. ఇంగ్లండ్‌లో ఉండగా 1863లో ఆమెకి మొదటిసారి కెమెరా చేతికొచ్చింది. అప్పటికి ఆవిడ వయసు 48. ఇచ్చింది ఎవరనుకున్నారు? కూతురూ అల్లుడూ! బొగ్గులు పోసుకునే గదిని ఫోటోలు కడిగే చీకటి గది చేసుకుంది. అద్దాల కోళ్లగూటిని స్టూడియో చేసుకుంది. ఆవిడ ఫోటోలు మసగ్గా ఉన్నాయని ఆ కాలం పెద్దలు ఎగతాళి చేశారు. ఇవాళ ఆ మసకే ఆవిడ ప్రత్యేకత అని మ్యూజియంలలో పెట్టుకుంటున్నారు.

మీలో కొందరు అంటారని తెలుసు: కార్తీకమాసంలో నెల రోజులు తెల్లవారుజామునే ఏటికి వెళ్లి స్నానం చేసి రావడం లేదా, అప్పుడెవరు ఆపారు అని. నిజమే, ఎవరూ ఆపరు. నేనూ దీపం వదిలేదాన్నే, ఆ దీపాల వరస మంచులోకి వెళ్లి కనబడకుండా పోవడం కన్నా అందమైనది నేను చూడలేదు. కానీ ఎందుకు ఆపరో ఆలోచించండి. ఆ స్నానం భర్త క్షేమానికి, పిల్లల చదువుకి, ఇంటి మేలుకి. మన కోసం కాదు గనక దారి వదులుతారు. ఆ నెల్లో గట్టు మీద లైట్లుంటాయి, పోలీసులుంటారు, బట్టలు మార్చుకునే గదులుంటాయి. పౌర్ణమి వెళ్లి అమావాస్య దాటిందా, లైట్లూ పోతాయి, పోలీసులూ పోతారు. అసలు మంచు మొదలయ్యేదేమో అప్పుడే! ఏడాదికి పదకొండు నెలలు గట్టు మీద మన కోసం ఏ ఏర్పాటూ ఉండదు. లైట్లు ఉండాలి, తెల్లవారుజామున తాళం వెయ్యని శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. ఈ రెండూ ఉంటే ధైర్యం దానంతటదే వస్తుంది, ధైర్యం మీద ఉపన్యాసాలు అక్కర్లేదు.

అమెరికాలో ఆ మొదటి రోజు పొద్దున్న మంచులోంచి ఒకావిడ నడిచి వచ్చింది. నా కంటే పెద్దదే. నెరిసిన జుట్టు, భుజాన కర్ర, ఒక్కర్తే. నన్ను చూసి తల ఊపి, పైపాయకేసి వెళ్లిపోయింది. ఏటా అదే వారంలో వస్తుందట, మా అల్లుడు చెప్పాడు. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను, మా అమ్మాయి గది సంగతి చెప్పానుగా. కానీ ఆ తల ఊపడం నాకు నచ్చింది. ఇంట్లో గొడవా అని అడగలేదు, ఏం పని మీద వచ్చావనీ అడగలేదు.

తిరిగొచ్చాక మా వీధిలో నలుగురం ఒక ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరు, జనవరి నెలల్లో ప్రతి ఆదివారం అయిదున్నరకి గట్టు దగ్గర. ఆ రోజుల్లో మాకు సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఎనిమిది అయ్యేసరికి వంతెన స్తంభాలు ఒక్కొక్కటే బయటపడి, మంచు పని అయిపోతుంది. ఇద్దరి దగ్గర ఫోన్లు, నా దగ్గర అమ్మాయి ఇచ్చేసిన ఆ కెమెరా, నాలుగో ఆవిడ దగ్గర ఏమీ లేదు. ఆవిడకి ఫోటోలంటే ఆసక్తి లేదు, చేపలంటే వాసన. మెట్టు మీద కూర్చుని శాలువా కప్పుకుని చూస్తుందంతే. మొదటి వారం ఒకాయన నడక ఆపి, "ఏవమ్మా, ఏదన్నా నోమా?" అని అడిగాడు. "లేదండీ, ఊరికే" అంది ఆవిడ. ఆయన కాసేపు నిలబడి, ఇంకేదో జవాబు వస్తుందేమోనని చూసి వెళ్లిపోయాడు.

ఆదివారం టిఫిన్ సంగతి మా ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారు. రెండు వారాలు రొట్టె తిన్నారు, మూడో వారం ఉప్మా అయింది, గడ్డ కట్టినా ఉప్మానే. రవ్వ డబ్బా ఎక్కడుందని ఆయన అడిగితే నేను చెప్పలేదు. వంటింట్లో ఉన్నవి మూడే అలమరలు.